మళ్ళీ పడండి, సూద్దాం!

ఢిల్లేశ్వరరావుకి ఈ లోకంలో ఏ సంగతైనా ఒక్కసారి జరిగితే జరిగినట్టు కాదు. రెండోసారి తన కళ్ళ ముందు జరగాలి. అప్పుడు కూడా సగమే నమ్ముతాడు. మూడోసారి జరిగాక గానీ "ఆఁ, ఉంది" అని తలాడించడు. టెక్కలిలో ఆయనకి ఏదైనా చెప్పబోయేవాళ్ళు ముందు తమకి ఓపిక ఉందో లేదో చూసుకుని మరీ మొదలుపెడతారు.

పోయినేడు వానల్లో గున్నయ్య మాస్టారు ఆర్టీసీ కాంప్లెక్సు మెట్ల మీద జారి పడ్డారు. నలుగురూ పరిగెత్తుకొచ్చి లేవదీశారు. ఒకాయన నీళ్ళిచ్చాడు, ఇంకొకాయన కళ్ళజోడు వెతికి తెచ్చాడు. ఢిల్లేశ్వరరావు మాత్రం మెట్టు ముందు గొంతుకూర్చుని విచారణ మొదలుపెట్టాడు.

"ఏ కాలు జారింది మాస్టారూ?"

"కుడికాలనుకుంటాను."

"అనుకోడం కాదండీ. సంచీ ఏ సేతిలో ఉంది?"

"ఎడం చేతిలో."

"అయితే అలగే పట్టుకోండి. మూడో మెట్టు కాడికి ఎల్లండి. ఆఁ. ఇప్పుడు మళ్ళీ పడండి, సూద్దాం."

ముప్పై ఏళ్ళు పిల్లల్ని గోడకుర్చీ వేయించిన మాస్టారు, ఎవరో చెప్తే పడే మనిషి కాదు. అయినా ఢిల్లేశ్వరరావు గొంతులో ఏముందో గానీ, బుద్ధిగా పైకెక్కి మళ్ళీ పడ్డారు. ఈసారి ఆయన్ని మధ్యలోనే పట్టుకున్నారు. మెట్టు అంచు విరిగిందని తేలింది. "సూసినారా, మీ కాలు మంచిదే" అని ఢిల్లేశ్వరరావు మాస్టారికి శుభవార్త చెప్పాడు. మాస్టారు ఇప్పటికీ ఆయన కనబడితే రోడ్డు దాటి అవతలి వైపు నడుస్తారు.

ఇంట్లోనూ ఇదే వరస. ఆయన భార్య మాధవీలత ఒక ఆఫీసులో గుమాస్తా. ఒకరోజు పప్పులో ఉప్పెక్కువైందని ఆవిడే ఒప్పుకుంది. ఒప్పుకుంటే సరిపోతుందా? ఏ గరిటె, ఎన్నిసార్లు, అప్పుడు ఫోన్లో ఎవరితో మాట్లాడుతున్నావు, ఆ మనిషికి మళ్ళీ ఫోన్ చెయ్యి అన్నాడు. ఆవిడకి ఒళ్ళు మండింది.

"మన పెళ్ళి కూడా ఒక్కపాలే అయినాది కదేటి. మరి అదెలగ నమ్మినారు?"

ఢిల్లేశ్వరరావు కాసేపు నిజంగానే ఆలోచించాడు.

"షష్టిపూర్తికి మళ్ళీ సేసుకుంటాం కదా. అప్పుడు తేలుద్ది."

టెక్కలి రాకముందు ఆయన హైదరాబాదులో ఇరవై ఏళ్ళు చిన్న చిన్న ఎలక్ట్రానిక్ పెట్టెలకి ప్రోగ్రాములు రాశాడు. సొంత ఊరి మీద మమకారంతో వచ్చేశానని చెప్పుకుంటాడు. మాధవీలత చెప్పే కథ వేరు. వాళ్ళ అపార్టుమెంటులో లిఫ్టు మధ్యలో ఆగిపోయి ఆరుగురు నలభై నిమిషాలు ఇరుక్కున్నారట. చెమటలు కక్కుతూ బయటికొచ్చిన ఆ ఆరుగుర్నీ, ఎవరు ఏ మూల నిలబడ్డారో అలాగే మళ్ళీ నిలబెట్టి, తానూ ఎక్కి మీట నొక్కాడట. లిఫ్టు మళ్ళీ ఆగింది. ఈసారి రెండు గంటలు. లోపల ఆనందపడింది ఆయనొక్కడే. మర్నాడు అసోసియేషన్ వాళ్ళు మీటింగు పెట్టారు. ఎజెండాలో ఒక్కటే అంశం.

అలా టెక్కలి వచ్చి, మోహన్ అనే కుర్ర యజమాని మూడు గదుల్లో పెట్టిన కంపెనీలో చేరాడు. అక్కడ ఆయన చేతికింద పడింది నాగసుధ. కంచిలి అమ్మాయి, కొబ్బరితోటల రైతు కూతురు, చురుకైనది. చేరిన వారానికే ఆమె కంప్యూటరు బిగుసుకుపోయింది.

"అప్పుడు నువ్వేటి సేత్తన్నావు?"

"ఏం లేదు సార్. తుమ్మాను."

"ఐతే మళ్ళీ తుమ్ము."

"రావట్లేదు సార్."

ఢిల్లేశ్వరరావు కిందకి దిగి కిళ్ళీకొట్లో ముక్కుపొడి కొనుక్కొచ్చాడు. ఆ మధ్యాహ్నం నాగసుధ పదకొండు సార్లు తుమ్మింది. కంప్యూటరు ఒక్కసారి కూడా బిగుసుకోలేదు. "తుమ్ము నిర్దోషి" అని ఆయన నోటు పుస్తకంలో రాసుకున్నాడు. ఇంటికి ఫోన్ చేసి ఈ ఉద్యోగం మానేస్తానని ఆ సాయంత్రం నాగసుధ ఏడ్చింది. మానలేదనుకోండి, ఎందుకంటే పని మాత్రం ఆయన దగ్గర వచ్చినట్టు ఇంకెక్కడా రాదు.

వాళ్ళ కంపెనీ చేసేది జీడిపప్పు ఫ్యాక్టరీలకి ఒక పెట్టె. జీడిగింజ కొట్టి పప్పు తీశాక, పొట్టు ఊడడానికి దాన్ని ట్రేల్లో పరిచి వేడి గదిలో ఆరబెడతారు. ఆ డ్రయ్యరు గదిలో ఆరు చోట్ల వేడి కొలిచే పరికరాలుంటాయి. అవి కొలిచిన అంకెలు తీగ మీదుగా బయట గోడకున్న పెట్టెకి వస్తాయి. పెట్టె వాటిని తెర మీద చూపించి, యజమాని ఫోనుకి పంపుతుంది. వేడి డెబ్భై అయిదు దాటితే ఊళ్ళో మిల్లు సైరన్లా కూస్తుంది. తీగ మీద వచ్చిన అంకెల్ని పెట్టెలోకి చేరవేసే ప్రోగ్రాము ముక్కని డ్రైవరు అంటారు. ఆ డ్రైవరు రాసింది నాగసుధ.

ఒక గురువారం పలాస నుంచి గోవిందరాజులు గారు మోహన్‌కి ఫోన్ చేశారు. ఆయన ఫ్యాక్టరీలో మంగళవారం ఒక గది పప్పంతా ఎర్రగా మాడిపోయింది. మోహన్ క్షమాపణ చెప్పబోయాడు. కానీ అవతలాయన తిట్టడానికి చేయలేదు, మెచ్చుకోడానికి చేశారు.

"మీ పెట్టె బంగారమయ్యా. వేడి అరవై ఎనిమిది దాటలేదని రికార్డుంది. అరవై ఎనిమిదిలో పప్పు మాడదు కదా? అంటే మా వరహాలమ్మ ట్రేలు పొయ్యి మీదకి జరిపీసి పడుకుండిపోనాది. దొరికిపోనాది. సోమవారం నుంచి రావద్దని సెప్పీసినాను. పెట్టె కరెక్టని మీరో కాగితం రాసి పంపండి, కూలీల సంఘమోళ్ళు అడిగితే సూపిస్తాను."

వరహాలమ్మ ఆ డ్రయ్యరు గది దగ్గర ఇరవై రెండేళ్ళ నుంచి పనిచేస్తోంది. పెట్టె రాకముందు వాసన పట్టుకునే పొయ్యి తగ్గించేది. పెట్టె వచ్చాక, అది కూసేదాకా పొయ్యి జోలికి వెళ్ళొద్దని గోవిందరాజులు గారి ఆజ్ఞ. మంగళవారం తనకి మాడు వాసన వచ్చిందనీ, వెళ్ళి అయ్యగారికి చెప్పాననీ ఆవిడ అంటోంది. నాకెవరూ చెప్పలేదని ఆయన అంటున్నారు.

మోహన్ మిఠాయి తెప్పించాడు. నాగసుధకీ మనసు తేలికపడింది. ఢిల్లేశ్వరరావు మిఠాయి ముట్టలేదు. గోవిందరాజులు గారు పంపిన రికార్డు ముందేసుకుని కూర్చున్నాడు.

"యాభై నిమిషాలు, అరవై ఎనిమిది పాయింటు రెండు. పాయింటు మూడు నేదు, పాయింటు ఒకటి నేదు. పొయ్యి మీద గది ఇంత బుద్ధిగా ఉంటాదేటి నాగసుధా?"

"వేడి నిలకడగా ఉందేమో సార్."

"మళ్ళీ మాడ్చాలి."

మోహన్ నోట్లో లడ్డూ అడ్డం పడింది. "సార్, కస్టమరు మనల్ని పొగుడుతున్నాడు. పొగడ్త కూడా మళ్ళీ చేయించాలా?"

ఢిల్లేశ్వరరావు అప్పటికే పలాసకి ఫోన్ కలిపాడు. కాగితం రాయాలంటే ఓపాలి కళ్ళతో చూడాలన్నాడు. మాడిపోయిందిరా దేవుడా అంటే మళ్ళీ మాడుస్తానంటాడేటి ఈయన అని గోవిందరాజులు గారు గింజుకున్నారు. పప్పు నేనే తెచ్చుకుంటానని అన్నాక, కాగితం మీద ఆశతో ఊఁ అన్నారు.

శుక్రవారం పదింటికి ఢిల్లేశ్వరరావు, నాగసుధ పలాసలో బస్సు దిగారు. కాశీబుగ్గ కొట్లో ముక్కపప్పు ఒక సంచీడు కొని, దాన్ని భుజాన వేసుకుని ఆయన ఫ్యాక్టరీలోకి నడిచాడు. జీడిపప్పు ఫ్యాక్టరీకి జీడిపప్పు మోసుకొచ్చిన మనిషిని పలాసలో అంతకుముందెవరూ చూడలేదు. పొట్టు తీసే ఆడవాళ్ళు పని ఆపి మరీ చూశారు.

వరహాలమ్మ డ్రయ్యరు గది తలుపు పక్కన నిలబడి ఉంది. సన్నటి మనిషి. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి.

"అప్పా, మంగళారం ఏటైనాదో అంతా మళ్ళీ సెయ్యి" అన్నాడు ఢిల్లేశ్వరరావు, సొంత అక్కతో అన్నట్టు.

"మళ్ళీ సేత్తే పప్పు మళ్ళీ మాడిపోద్ది కద బాబూ."

"మాడాలనే కదా ఇంత దూరం వచ్చినాం."

నాగసుధ పెట్టె మీదున్న బంతిపూల దండ తీసి పక్కన పెట్టి, లాప్‌టాప్ తగిలించి, తెర మీద మీటలు నొక్కుతూ కూర్చుంది. తెచ్చిన పప్పు ట్రేల్లో పరిచి, పొయ్యిలో జీడితొక్కు వేశారు. వేడి అరవై ఎనిమిది, డెబ్భై, డెబ్భై మూడు అని పాకి, డెబ్భై అయిదు దాటగానే పెట్టె గావుకేక పెట్టింది. ఏ లోపమూ లేదు. పొయ్యి తగ్గించి, గది చల్లార్చి మళ్ళీ చేశారు. మళ్ళీ సరిగ్గా కూసింది.

"సూసినారా?" అన్నారు గోవిందరాజులు గారు. "రెండుపాల్లు కూసింది. ఇంక కాగితం రాసీయండి."

వరహాలమ్మ మొహంలో ఆశ చచ్చిపోవడం నాగసుధ చూసింది. తను రాసిన ప్రోగ్రాము నెగ్గినందుకు జీవితంలో మొదటిసారి ఆమెకి బాధ కలిగింది.

ఢిల్లేశ్వరరావు మాత్రం ముక్కపప్పు నములుతూ నింపాదిగా అడిగాడు. "ఆ రోజుకీ ఈ రోజుకీ ఏటి తేడా? ఎవులైనా సెప్పండి. తొందర నేదు."

ఆయన ఇంకో గుప్పెడు నమిలాడు. చివరికి వరహాలమ్మ గొణిగింది.

"దండ నేదు బాబూ."

"ఏ దండ?"

కథ బయటికొచ్చింది. పెట్టె బిగించిన రోజున ఆడవాళ్ళందరూ కలిసి దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి దండ వేశారు. కొత్త మిషను కదా మరి. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం కొత్త దండ. బొట్టూ దండా ఉన్నదాన్ని వేలెట్టి పొడిచేదెవరు? దణ్ణం పెట్టుకుని దూరం నుంచి చూడడమే గానీ, ఇన్ని నెలల్లో ఆ తెరని ఒక్కరూ ముట్టుకోలేదు.

"మరి దండ ఎయ్యండి" అన్నాడు ఢిల్లేశ్వరరావు. నాగసుధ పక్కన పెట్టినది అందుకోబోయింది.

"ఆగు. అది ఏ రోజుది?"

"ఇయ్యాలే ఏసినాం బాబూ. శుక్రారం కదా."

"మంగళారానికి దండ నాలుగు రోజులది. వాడిపోనాది కావాలి."

మామిడి మొక్క మొదట్లో పారేసిన పాత దండ ఏరుకొచ్చారు. అది పెట్టె మీద పుట్టెడు దుఃఖంలో వేలాడింది. బొట్టు దిద్దారు. పొయ్యి మళ్ళీ రాజేసి, వేడి ఆ రోజు లాగే అరవై ఎనిమిది పాయింటు రెండుకి రాగానే లాప్‌టాప్ పీకేశారు. తెర దానంతటది నల్లబడిపోయింది. గదిలో అసలు వేడి తెలియడానికి ఢిల్లేశ్వరరావు ఒక మామూలు థర్మామీటరు కిటికీలోంచి దారానికి వేలాడదీశాడు. తర్వాత గోవిందరాజులు గారి వైపు తిరిగాడు.

"మంగళారం ఈ టైముకి మీరెక్కడున్నారండీ?"

"నా గదిలో. ఫోన్ సూత్తన్నాను."

"అలగే కూర్చుని ఫోన్ సూడండి. అప్పా, నీకు వాసన తగిలినప్పుడు ఆ రోజు ఎలగెల్లినావో అలగే ఎల్లు. అందరూ పెట్టికి దూరం."

ముప్పావుగంట ఎవరూ కదల్లేదు. ఉన్నట్టుండి వరహాలమ్మ ముక్కు ఎగబీల్చింది. లేచి, చెంగు నడుముకి చుట్టి, గోవిందరాజులు గారి గది గుమ్మం దగ్గరికి వెళ్ళింది.

"బాబూ, మాడు వాసన వత్తంది. పొయ్యి తగ్గించీనా?"

గోవిందరాజులు గారు ఫోన్ చూసుకున్నారు. "అరవై ఎనిమిదే ఉంది కదే. ఊరుకో" అన్నారు మెల్లగా.

"అంత మెత్తగానా అన్నారు?" అన్నాడు ఢిల్లేశ్వరరావు. "మళ్ళీ అనండి."

గోవిందరాజులు గారు ఇబ్బందిగా కదిలారు. పొట్టు తీసే ఆడవాళ్ళలోంచి ఒక గొంతు లేచింది. "అలగ కాదు బాబూ. 'మిషను కన్నా నీ ముక్కు గొప్పదేటే, నోర్ముయ్' అన్నారు. మాకు ఇక్కడికి ఇనపడింది." "అవును బాబూ, ఫోన్ కూడా బల్ల మీద కొట్టినారు" అంది ఇంకొకావిడ. మంగళవారం నుంచి భయంతో మూసుకున్న నోళ్ళన్నీ, నాటకం కదా అని ఒక్కసారిగా తెరుచుకున్నాయి.

గోవిందరాజులు గారి చెవులు ఎర్రబడ్డాయి. "అన్నానేమోలే" అని నసిగారు. తర్వాత ఆయన ముక్కుకీ వాసన తగిలింది. కిటికీ దగ్గరికి పరిగెత్తి థర్మామీటరు లాగి చూశారు. ఎనభై నాలుగు. చేతిలో ఫోన్ చూశారు. అరవై ఎనిమిది పాయింటు రెండు. కోపంతో దండ పీకి అవతల పారేసి పెట్టె తెరని అరచేత్తో ఒక్కటిచ్చుకున్నారు. తెర వెలిగింది. ఎనభై అయిదని చూపిస్తూ, ఇన్నాళ్ళ మౌనవ్రతం తీరేలా కూసింది. ఆడవాళ్ళు చెవులు మూసుకుని పడిపడి నవ్వారు.

"అంటే దండ వల్లేనా?" అన్నారు గోవిందరాజులు గారు, దిక్కుతోచక.

దండ వల్ల కాదు. నాగసుధకి అప్పుడే వెలిగింది, వెలగ్గానే సిగ్గుతో తల వంగిపోయింది. పెట్టెలో ఉండే ప్రాసెసరు మహా బద్ధకస్తుడు. మెమరీ దాకా వెళ్ళి చదవడం వాడికి దూరం. అందుకని ఒకసారి చదివిన అంకెని చీటీ మీద రాసి చొక్కా జేబులో పెట్టుకుంటాడు, మళ్ళీ అడిగితే జేబులోంచే తీసి చెబుతాడు. ఆ జేబునే క్యాష్ అంటారు. తీగ మీద వచ్చిన కొత్త అంకెని నెట్‌వర్కు చిప్పు నేరుగా మెమరీలో రాసి పోతుంది, జేబువాడికి చెప్పదు. కాబట్టి "చదివే ముందు పాత చీటీ చింపు" అని డ్రైవరులో ఒక లైను రాయాలి. నాగసుధ రాయలేదు. ఎవరైనా తెర ముట్టుకుంటే బొమ్మలు గీసే పని పడుతుంది, చిన్న జేబు కొత్త చీటీలతో నిండి పాతది జారిపోతుంది, వాడు విధిలేక మెమరీ దాకా వెళ్ళి అసలు అంకె చదువుతాడు. ఎవరూ ముట్టుకోకపోతే, పెట్టెకి గంటకో రెండు గంటలకో వేరే పని తగిలేదాకా అదే చీటీ. టెక్కలి ఆఫీసులో అందరూ ఆ పెట్టెని పొద్దున్నుంచీ పొడుస్తూనే ఉంటారు, అందుకే అక్కడ ఎప్పుడూ దొరకలేదు.

"తప్పు నాదే సార్" అంది నాగసుధ, అందరి ముందూ.

గోవిందరాజులు గారు వరహాలమ్మ వైపు చూడకుండా, డ్రయ్యరు తలుపుతో చెప్పినట్టు చెప్పారు. "సోమవారం వచ్చీ. పొయ్యి నీ ఇష్టం. పెట్టి కూసినా కూయకపోనా, నీ ముక్కు సెప్పినట్టు సెయ్యి."

వరహాలమ్మ ఢిల్లేశ్వరరావుని ఓరగా చూసి, కొంగు సర్దుకుంది.

"సరిగ్గా ఇనపడనేదు. మళ్ళీ ఓపాలి అనండి బాబూ."

ఆయన మళ్ళీ అన్నారు. ఈసారి ఆవిడ మొహం చూసి అన్నారు.

తిరుగు బస్సులో నాగసుధ ఆ లైను రాసేద్దామని లాప్‌టాప్ తెరిచింది. ఆఫీసులో దాచిన ప్రోగ్రాము కాపీలో ఆ లైను అప్పటికే ఉంది. ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో కూడా పక్కనే ఉంది.

"సార్, ఇది మీరు పొద్దున్న ఏడున్నరకి రాసినారు."

"ఊఁ."

"మనం పలాసలో దిగింది పదికి."

"ఊఁ."

"అంటే లోపమేటో మీకు ముందే తెలుసు! మరి మూడుపాల్లు వేడి పెట్టించి, చెత్తలోంచి దండ ఏరించి, ఇదంతా ఎందుకు సార్?"

ఢిల్లేశ్వరరావు కిటికీలోంచి జీడితోటల్ని చూస్తూ చెప్పాడు. "లైను మార్చి పంపిత్తే పెట్టె బాగుపడతాది. గోవిందరాజులు గారు 'కంపెనీవోళ్ళు ఏదో సేసినారంట' అనుకుని ఊరుకుంటారు. ఆవిడ పడుకుండిపోనాదన్న మాట అలగే ఉండిపోద్ది. ఆవిడ సెప్పింది, నాను ఇన్నేదు అని ఆయన నోటంట రావాలి కదా, అందరూ ఇనీలాగ."

"మరి దండ సంగతి మీరే ముందు సెప్పొచ్చు కదా?"

"దండని నాకేటి తెలుసు? ఎవులూ ముట్టుకోనప్పుడు వత్తాదని తెలుసు. మిగతాది ఆవిడ సెప్తాదనుకున్నాను."

"ఆవిడ సెప్పకపోతే?"

"ఇంకో పదిపాల్లు సేసేవోళ్ళం. నాకదేటి కష్టమా?"

నాగసుధకి ఒక్కసారిగా ఆ మనిషికి దణ్ణం పెట్టాలనిపించింది. పెడితే మళ్ళీ పెట్టమంటాడని ఊరుకుంది. ఆ మెట్ల దగ్గర మాస్టారు, ఆ లిఫ్టులో ఆరుగురు, వాళ్ళందరి కథలూ ఇన్నాళ్ళూ తను సగమే విన్నానేమో అనిపించింది.

ఆయన లాప్‌టాప్ తన ఒళ్ళోకి లాక్కుని తాను రాసిన లైను చెరిపేసి తిరిగిచ్చాడు. ఈసారి నాగసుధ తనే రాసింది. తర్వాత ఆయన ఫోన్లో మోహన్‌కి రిపోర్టు పంపాడు. లోపం కనిపెట్టినవారు: వరహాలమ్మ. సరిచేసినవారు: నాగసుధ. ఢిల్లేశ్వరరావు పేరు అందులో ఎక్కడా లేదు.

టెక్కలి ఇంకా రాకముందే మోహన్ నుంచి నాగసుధకి ఫోన్.

"ఎవరమ్మా ఈ వరహాలమ్మ? ఈ రిపోర్టు కస్టమర్లందరికీ పంపాలి. ఆవిడ పేరు పక్కన క్వాలిఫికేషన్ కాలమ్ ఖాళీగా ఉంది."

"డ్రయ్యరు గదిలో ఇరవై రెండేళ్ళు, సార్. అలగే రాసేయండి."

"అది క్వాలిఫికేషనేటమ్మా?"

"మన ఆఫీసులో ఎవరికైనా అంతుందా సార్?"

అవతల మోహన్ ఆ కాలమ్ నింపుతూ కీబోర్డు మీద టకటకా కొట్టడం వినిపించింది.